మంగళవారం ఆటగాడు

రస్సెల్ హ్లావాటీకి ఒకచోట కాలు నిలవదు. కూర్చుంటే మోకాలు ఊగుతుంది, నిలబడితే మడమలు లేస్తాయి, చర్చిలో అందరూ కళ్లు మూసుకున్న వేళ ముందు బెంచీ మీద వేళ్లతో దరువేస్తాడు. ముత్తాత ఓడెక్కి వచ్చినప్పుడు వెంట తెచ్చుకున్న ఇంటిపేరు హ్లావాటీ. ఆయన వదిలి వచ్చిన దేశపు భాషలో దానికి పెద్ద తలకాయవాడని అర్థం. కాలేజీ ఆటల జట్టులో హెల్మెట్లు పంచే రోజున ఇతని కొలతకు ఒక్కటీ పట్టలేదు. పైఊరి నుంచి తెప్పించేదాకా ఉత్త తలతోనే తిరిగాడు. ఆ వారమంతా జట్టువాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వారు.

అమ్మానాన్నలు విడిపోయి ఎవరి దారి వాళ్లు చూసుకున్నాక వాడిని పెంచింది నాయనమ్మ వెరోనా. వాళ్ల ఇళ్లల్లో నాయనమ్మను బాబా అంటారు. ఈ బాబాకు గడ్డమూ లేదు, మహిమలూ లేవు. ఒక చేత్తో పిండి పిసుకుతూ రెండో చేత్తో మనవడి మోకాలు అదిమిపట్టే నేర్పు మాత్రం ఉంది.

బంతిని చంకలో ఇరికించుకుని పరుగెత్తే ఆటకు ఫుట్‌బాల్ అని ఏ మహానుభావుడు పేరు పెట్టాడో గాని, మా నది పొడుగునా ఉన్న ఊళ్లన్నీ దాని మీదే ఊపిరి పీల్చుకుంటాయి. ఉక్కు మిల్లు మూతపడ్డాక పీల్చుకోవడానికి ఇంకేం మిగిలింది గనక. శనివారం కాలేజీ మైదానంలో మ్యాచ్ ఉందంటే క్షౌరశాల మూత, బేకరీ మూత. పాదిరీ గారు కూడా సాయంత్రపు ప్రార్థనను రెండు ముక్కల్లో తేల్చేస్తారు. రస్సెల్‌కు కాళ్లకు బూట్లు పట్టినప్పటి నుంచీ ఒక్కటే కోరిక. ఆ శనివారం, ఆటగాళ్లు మైదానంలోకి వచ్చే ఆ సొరంగంలోంచి, వీపు మీద ఇంటిపేరుతో బయటికి పరుగెత్తుకు రావాలి. ఒక్కసారి వచ్చినా చాలు.

కాలేజీ వాడిని చేర్చుకుంది గాని పిలిచి చేర్చుకోలేదు. వాడంతట వాడే వెళ్లి తలుపు తట్టాడు. అలా వచ్చినవాళ్లను మాంసం జట్టులో వేస్తారు. కాగితాల మీద దానికి మర్యాదైన పేరు వేరే ఉంది, కానీ ఆ పేరు ఎవడికీ గుర్తుండదు. వచ్చే శనివారం తలపడబోయే ప్రత్యర్థుల ఎత్తులన్నీ నేర్చుకుని, వాళ్ల రంగు బనియన్లు తొడుక్కుని, మంగళ బుధవారాల్లో అసలు జట్టు చేత గుద్దించుకోవడం వీళ్ల పని. శనివారం వచ్చేసరికి అసలు జట్టు మైదానంలో ఉంటుంది, మాంసం జట్టు మెట్ల మీద కూర్చుని వేయించిన వేరుశెనగలు తింటుంది. రస్సెల్ బాబా పక్కన కూర్చుని అసలు జట్టువాళ్లు చేసే తప్పులన్నీ పేరుపేరునా తిట్టేవాడు. చర్చి ఆడవాళ్లు చెవులు మూసుకునేవాళ్లు.

అందుకని వాడికి మంగళవారమే పండగ. తక్కినవాళ్లు ఒళ్లు కాపాడుకుంటూ ఆడితే వీడు ప్రాణం పెట్టి ఆడేవాడు. ఎదుటివాడు బండలాంటివాడైనా తల ముందుకు పెట్టి దూసుకుపోయేవాడు. ఒక్కోసారి కళ్ల ముందు తెల్లగా మెరిసేది, నోట్లో ఇనుము నాకిన రుచి వచ్చేది. లేచి, గడ్డి దులుపుకుని, మళ్లీ వరసలో నిలబడేవాడు. కోచ్ స్ట్రోమ్ గొంతు ఊరంతా వినిపిస్తుంది గాని దాంట్లోంచి మెచ్చుకోలు రాలడం అరుదు. ఆయన ఒక మంగళవారం "హ్లావాటీలా కొట్టండ్రా" అని అసలు జట్టు మీద కేకలేశాడు. ఆ మాట మీద వీడు ఏడాది బతికాడు.

రెండో ఏడు కొత్త నియమం వచ్చింది. చుట్టుపక్కల కాలేజీలన్నీ కలిసి ఆడే సంఘం పెట్టిన నియమం అది. ఒళ్లూ ఒళ్లూ గుద్దుకునే ప్రాక్టీసు ఇక వారానికి ఒక్కరోజే, అదీ గడియారం చూసుకుని. మిగతా రోజుల్లో కవచాలు లేకుండా, ఎదుటివాడిని పట్టుకుని వదిలేయాలి. ఎందుకలాగో చెప్పింది లోరెట్టా కెంప్. చీలమండలకు పట్టీ వేసే దగ్గర్నుంచి పగిలిన పెదవి కుట్టించేదాకా ఆటగాళ్ల ఒంటి బాగోగులన్నీ చూసుకునే ట్రెయినర్ ఆవిడ. కొన్నిచోట్ల హెల్మెట్లలో దెబ్బలను కొలిచే బిళ్లలు అమర్చి చూశారనీ, తలకు తగిలే దెబ్బల్లో ఎక్కువ పాలు మ్యాచుల్లో కాదు, ప్రాక్టీసుల్లోనే తగులుతున్నాయని తేలిందనీ చెప్పింది. మూర్ఛ వచ్చే దెబ్బ ఒక్కటే దెబ్బ కాదనీ, లేచి దులుపుకునే చిన్నచిన్న దెబ్బలు కూడా లోపల పోగుపడతాయనీ చెప్పింది. అసలు జట్టువాళ్లు చప్పట్లు కొట్టారు. వాళ్లకేం, శనివారం ఉంది. కోచ్ గొణుక్కున్నాడు. రస్సెల్‌కు మాత్రం ఒళ్లు మండిపోయింది. తన ఆటలో సగం కోసేసి, నీ మంచికేనని చెబితే ఎవడికి మండదు?

మండి ఊరుకున్నా బాగుండేది. మాంసం జట్టులోనే బంతి పట్టుకుని పరుగెత్తే జెరోమ్ టిబ్స్ వాడి జతగాడు. గుద్దుళ్లు లేని రోజుల్లో ఇద్దరూ పాత కవచాలు భుజాన వేసుకుని, మూతపడ్డ ఇటుక బట్టీ వెనక గడ్డిలోకి పోయేవాళ్లు. చెరో చివర నిలబడి, ఒకళ్ల మీదికి ఒకళ్లు పరుగెత్తేవాళ్లు. ఈలా లేదు, గడియారం లేదు, కెంప్ కళ్లూ లేవు. పెద్దలు కూర్చుని, తర్జనభర్జన పడి, వీడి తలకు మిగిల్చి ఇచ్చిన రోజులను వీడే తీసుకెళ్లి ఇటుక బట్టీకి ధారపోశాడు. ఇంతకన్నా తెలివితక్కువ పని మా ఊళ్లో ఎవరూ చేయలేదని అనను. అందరూ చేసేవాళ్లే.

అందరూ చేసేది ఇంకోటి ఉంది. ఆగస్టులో ఆటలు మొదలవక ముందు ప్రతివాడినీ కంప్యూటరు ముందు కూర్చోబెట్టి ఒక పరీక్ష పెడతారు. కొన్ని మాటలు చూపించి, కాసేపాగి అవేమిటని అడుగుతారు. గీతల బొమ్మలు, రంగులు కూడా ఉంటాయి. తర్వాత ఎప్పుడైనా తలకు దెబ్బ తగిలితే మళ్లీ అదే పరీక్ష పెట్టి, ఆగస్టు మార్కులతో పోల్చి, తగ్గితే కూర్చోబెడతారు. కుర్రాళ్లు దీనికి విరుగుడు కనిపెట్టారు. ఆగస్టులోనే మొద్దులా రాసేస్తే తర్వాత తగ్గడానికి ఏమీ ఉండదు కదా. ఈ ఉపాయాన్ని సీనియర్లు జూనియర్లకు ఆస్తిలా అప్పజెబుతారు. రస్సెల్ మొదటి ఆగస్టులోనూ, రెండో ఆగస్టులోనూ ఆవలిస్తూ, కిటికీలోంచి చూస్తూ, చేతికొచ్చిన మీట నొక్కి వచ్చాడు. వచ్చిన మార్కులు చూసి జెరోమ్, ఇంతకన్నా మా కుక్క నయం అన్నాడు. ఇద్దరూ గర్వంగా నవ్వుకున్నారు.

మూడో ఆగస్టు వచ్చింది. అసలు జట్టులో ఒకడు మోకాలు విరగ్గొట్టుకుని, ఇంకొకడు వేరే కాలేజీకి పోయి, వెనక వరసలో ఖాళీ పడింది. కోచ్ రస్సెల్‌ను పిలిచి, మొదటి శనివారం వీపు మీద పేరుతో సిద్ధంగా ఉండమన్నాడు. ఆ కబురు విన్న పూటే బాబా చర్చి ఆడవాళ్లందరికీ ఫోన్లు చేసింది. కావలసినవాళ్లకు ఒకసారి, అక్కర్లేనివాళ్లకు రెండుసార్లు చేసింది.

ఒక్క చిక్కొచ్చి పడింది. ఆ ఏడు నుంచి మరీ తక్కువ మార్కులు వచ్చినవాళ్లను తల వైద్యుడికి చూపించకుండా మైదానంలోకి వదలకూడదట. కెంప్ రస్సెల్‌ను గదిలోకి పిలిచి తలుపు వేసింది.

"నాకు మీ వేషాలన్నీ తెలుసు. రెండేళ్లూ ఆవలించి వెళ్లావు, ఊరుకున్నాను. ఈసారి బుద్ధిగా కూర్చుని నీకెంత చేతనైతే అంతా రాయి. మామూలు మార్కులు వస్తే నీ శనివారం నీది" అంది.

రస్సెల్ బుద్ధిగానే కూర్చున్నాడు. ఊగే మోకాలిని మరో కాలితో తొక్కిపెట్టాడు. మాటలు ఒక్కొక్కటే తెర మీదికి వచ్చి పోయాయి, పెదవులు కదుపుతూ ఒక్కొక్కటీ అప్పజెప్పుకున్నాడు. తీరా అడిగేసరికి, ఇంట్లోంచి సామాను ఎవరో ఎత్తుకుపోయినట్టు లోపల బోసిగా ఉంది. వెనక్కి వెళ్లి వెతికాడు, మళ్లీ వెతికాడు. దొరికినవి పెట్టాడు. బొమ్మలూ అంతే, రంగులూ అంతే.

కెంప్ మార్కులు చూసి కళ్లజోడు తీసేసింది. దొంగగా రాసినప్పటికన్నా తక్కువ వచ్చాయి.

"నేనింత చెప్పినా మళ్లీ అదే నాటకమా?" అంది.

ఆవిడ తప్పుగా అనుకుంటోంది. ఆ తప్పే తనకిప్పుడు తప్పించుకునే దారని రస్సెల్‌కు తట్టింది. "అలవాటైపోయింది మేడమ్, సారీ" అన్నాడు. అన్న మరుక్షణమే వాడికి భయం పట్టుకుంది. అంత పెద్ద భయం బండల్లాంటి మనుషుల మీదికి పరుగెత్తినప్పుడు కూడా వేయలేదు. రేపు ఉదయం ప్రాక్టీసుకు ముందు ఆఖరిసారి రాయనిస్తానని, ఆ తర్వాత దేవుడు దిగొచ్చినా వదలనని కెంప్ చెప్పి పంపింది.

బయట జెరోమ్ ఎదురుచూస్తున్నాడు. జరిగింది రస్సెల్ ఉన్నదున్నట్టు చెప్పేశాడు. నిజంగానే రాశాననీ, నిజంగానే రాలేదనీ చెప్పాడు.

"నా దగ్గర కూడా ఎందుకురా నటిస్తావు?" అని జెరోమ్ వీపు మీద చరిచాడు. "నటనలో నీకు కప్పు ఇవ్వొచ్చు మామా."

రస్సెల్ మరోసారి చెప్పాడు. జెరోమ్ మరింత నవ్వాడు. రెండేళ్ల పాటు అందరినీ నమ్మించిన అబద్ధం అంత గట్టిగా కట్టుకున్నాక, ఇప్పుడు నిజానికి తలుపెక్కడుందో వాడికే కనపడలేదు.

ఇంటికెళ్తే బాబా పిండి ముద్దలూ క్యాబేజీ వెన్నలో వేయిస్తోంది. రస్సెల్ వంటింట్లో నాలుగు అడుగులు అటూ, నాలుగు అడుగులు ఇటూ తిరిగాడు. మూత తీశాడు, పెట్టాడు. చివరికి ఓ ఆట ఆడదాం రమ్మన్నాడు. ఆవిడ తన నోటికొచ్చిన మాటలు వరసగా చెప్పాలి, ముద్దలు దించాక ఇద్దరూ తిరిగి చెప్పాలి. బాబాకు ఆటలంటే ఇష్టం. బకెట్టు, పాదిరీ, ఉల్లిపాయ, గొడుగు, వంతెన, ఇలా ఇంట్లోంచి మొదలుపెట్టి ఊరంతా చుట్టి వచ్చింది. ముద్దలు దించింది, కంచాల్లో పెట్టింది, మీగడ వడ్డించింది. తర్వాత గరిటె ఊపుతూ తన మాటలన్నీ పొల్లుపోకుండా అప్పజెప్పింది. వాడికి బకెట్టు, గొడుగు వచ్చాయి. ఇంకోటి నాలుక చివరిదాకా వచ్చి పోయింది.

"ముసలిదాన్ని గెలిపిస్తున్నావుట్రా? నీ మొహం, నాకు జాలి గెలుపులు అక్కర్లేదు" అని బాబా నవ్వింది. కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

వాడూ నవ్వాడు. కంచంలో ఉన్నదంతా తిన్నాడు, రుచి తెలియలేదు. వెలుగుండగానే బయటపడి నది గట్టు వెంట వంతెన దాకా నడిచాడు, మళ్లీ వెనక్కి నడిచాడు. నేను పుట్టి పెరిగిన ఊరు గనక చెబుతున్నాను, ఆ గట్టు మీద అలా తిరిగే కుర్రాళ్లను చూస్తే మాకు ముచ్చటేస్తుంది. మ్యాచ్ దగ్గరపడింది, ఒంట్లో చురుకు ఆగడం లేదనుకుంటాం. ఆ సాయంత్రం కూడా ఎదురైనవాళ్లంతా చెయ్యూపి, శనివారం చంపెయ్యమని దీవించారు.

మర్నాడు పొద్దున గుద్దుళ్ల రోజు. మైదానంలో కవచాలు టకటకలాడుతున్నాయి. రస్సెల్ బూట్లు కట్టుకుని, హెల్మెట్ చంకలో పెట్టుకుని కెంప్ గదిలోకి వచ్చాడు. ఆవిడ కంప్యూటరు తెరిచే లోపే కోచ్ గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. నాటకాలాడినందుకు పది రౌండ్లు పరుగెత్తిస్తాననీ, ముందైతే వీడిని బయటికి వదలమనీ, వెనక వరస ఖాళీగా ఉందనీ అన్నాడు. పరీక్ష మధ్యాహ్నం పెట్టుకోవచ్చుగా అన్నాడు.

కెంప్ ఆయన వైపు చూడలేదు. రాత్రి ఆవిడకు సరిగా నిద్ర పట్టినట్టు లేదు.

"ఒక్కటే అడుగుతాను రస్సెల్. నిన్న నువ్వు చేసింది నాటకమే కదా?"

కోచ్ కూడా వాడి వైపే చూస్తున్నాడు. కిటికీ అవతల జెరోమ్ చెయ్యూపుతున్నాడు. అందరికీ ఒకే జవాబు కావాలి, అది చిన్న మాట. అవును అంటే చాలు, సొరంగం తెరుచుకుంటుంది. నాకు తెలిసిన ప్రతివాడూ ఆ మాటే అనేవాడు. నేనైతే ఆవిడ అడగడం పూర్తవకముందే అనేవాణ్ని.

"కాదు మేడమ్" అన్నాడు రస్సెల్.

కోచ్ ఫక్కున నవ్వాడు. కెంప్ నవ్వలేదు.

"మరి?"

"ఉన్నదంతా పెట్టి రాశాను. అంతే వచ్చింది."

కోచ్ నవ్వు సగంలో ఆగింది. ఒక్క శనివారం కూడా ఆడని కుర్రాడు, తన మంగళవారాల్లోనే అరిగిపోయాడని ఆయనకు అప్పుడు తట్టి ఉండాలి. కెంప్ లేచి, కోచ్‌ను దాటి వెళ్లి తలుపు వేసింది. వాడి చంకలోని హెల్మెట్ మెల్లగా తీసుకుని బల్ల మీద పెట్టింది. డాక్టరుతో ఇవాళే మాట్లాడతాననీ, తనే కారులో తీసుకెళ్తాననీ, ముందు ఇంట్లో ఎవరికి చెప్పాలో చెప్పమనీ అంది.

"మా బాబాకి మీరే చెప్పండి మేడమ్" అన్నాడు రస్సెల్. "నేను చెప్తే ఆటపట్టిస్తున్నానంటుంది."