లోతమ్మ కొలత

నాకు కోపం ఎక్కువ. ముందే చెప్పేస్తే మీకూ నాకూ సుఖం. పేరు కసాండా. తబోరా పట్నం అవతల, అడవి అంచున ఉన్న తేనెటీగల కాలేజీలో ఇరవై మూడేళ్లుగా పాఠం చెబుతున్నాను. నా పాఠం పూల చెట్లు. ఏ చెట్టు ఏ నెలలో పూస్తుంది, ఈగ దేని మీద వాలుతుంది, ఏ పువ్వు తేనె ఏ రంగులో ఉంటుంది, ఇవీ నేను చెప్పేవి. అయితే ఇది నా కథ కాదు. మా ఆఫీసులో టైపిస్టు న్యామిజీ కథ. ఊళ్లో ఆవిడని లోతమ్మ అంటారు.

మేం మాట్లాడుకునేది స్వాహిలీ. తిట్టుకునేది న్యామ్వేజీ. కానీ కాలేజీ ఏటా అచ్చేసే కోర్సుల పుస్తకం మాత్రం ఇంగ్లీషులోనే ఉండాలి, ఎందుకంటే అది దారెస్సలాం పెద్దాఫీసుకి వెళుతుంది. అందులో ఒక్కో పాఠానికి రెండు మూడు వాక్యాలు. ఈ పాఠం ఏం చెబుతుంది, ఎంత లోతుగా చెబుతుంది అని. మాస్టార్లం తలా ఒక కాగితం గిలికి ఇచ్చేవాళ్లం, న్యామిజీ టైపు కొట్టేది. అందరం ఎవరి పాఠానికి వాళ్లం డిక్షనరీలో కనపడ్డ లావుపాటి మాట తగిలించుకునేవాళ్లం. చదివేదెవరు, అడిగేదెవరు అని మా ధీమా.

ఆ ధీమా ఒక తల్లి చేతిలో పోయింది. గూడు పెట్టెలు చేసే వడ్రంగం పాఠానికి ఆ మాస్టారు ‘ఇంటెన్సివ్’ అని రాయించుకున్నాడు. అందులో చేరిన ఒక పిల్లాడి ఇంటికి ఆ మాటతోనే ఉత్తరం వెళ్లింది. నాలుగో రోజుకి వాళ్లమ్మ బస్సెక్కి వచ్చి ఆఫీసు మెట్ల మీద కూలబడి ఒకటే ఏడుపు. ఆవిడకి ఇంగ్లీషు రాదు, కానీ ఆ ఒక్క మాట బొమ్మలాగా గుర్తుంది. దారెస్సలాం పెద్దాసుపత్రిలో ఆవిడ పెద్దకొడుకుని ఆ మాట రాసున్న తలుపు లోపలికే తీసుకెళ్లారట. మళ్లీ బయటికి నడిచి రాలేదు. “చిన్నాణ్ణి కూడా ఆ గదిలో పెట్టారా తల్లీ?” అని అడిగింది. న్యామిజీ ఆవిడ పక్కనే మెట్టు మీద కూర్చుని, అల్లం టీ తాగించి, పిల్లాణ్ణి పిలిపించి, వాడి చేతిలో సుత్తి చూపించి పంపింది. ఆ మధ్యాహ్నమే ఆ మాట కొట్టేసి ‘రెండు వారాలు, పొద్దుట్నుంచి సాయంత్రం దాకా’ అని టైపు చేసింది.

ఆ తర్వాత ఆవిడ మాస్టార్లు ఇచ్చిన మాటని ఇచ్చినట్టు కొట్టడం మానేసింది. తేనె డబ్బాల అట్ట ఒకటి చింపి, నీళ్లలో నిలబడ్డ మనిషి బొమ్మ గీసి బీరువాకి అంటించింది. పాదం దగ్గర ‘టచెస్ ఆన్’. మోకాలి దగ్గర ‘ఇంట్రడ్యూసెస్’. నడుం దగ్గర ‘కవర్స్’. మెడ దగ్గర ‘ఇన్ డెప్త్’. తలకి పైన ఎర్ర సిరాతో ‘ఎగ్జాస్టివ్’ అని రాసి చుట్టూ తాళం కప్ప బొమ్మ వేసింది. ఇక ప్రతి పాఠానికీ వచ్చి వెనక బెంచీలో గంటసేపు కూర్చునేది. చేతిలో అల్లిక. మాట్లాడేది కాదు. చివర్లో మాత్రం పిల్లల్ని ఒకే ప్రశ్న అడిగేది. ఆ జవాబుని బట్టి మోకాలో నడుమో తేల్చేది. నాలుగో ఫారంతో చదువాపేసిన మనిషి! డిగ్రీలున్న మాస్టార్లు ఆవిడ గుమ్మంలో కనపడితే చొక్కా సర్దుకునేవాళ్లు. నేనైతే సర్దుకోలేదు, ఎందుకంటే నా పాఠానికి మెడ కాక ఏం వస్తుందనుకున్నాను.

ఆ ఏడు పెద్దాఫీసు నుంచి కాగితం వచ్చింది. పరిచయానికి, అంటే లోతమ్మ లెక్కలో మోకాలికి, మించని పాఠాలన్నీ కలిపి ఒక్కటి చేస్తారట. మిగిలిపోయిన మాస్టార్లని వేరే చోటికి పంపుతారట. నాకు రాసిపెట్టిన చోటు తంగా, సముద్రం ఒడ్డు. అక్కడ నాకు ఒక్క చెట్టు పేరు కూడా తెలియదు. నాకు పెళ్లాం పోయింది, పిల్లలు లేరు, ఉన్నదల్లా ఈ అడవి. మా నాన్న తేనె కోసం తాడేసుకుని ఎక్కిన చెట్లు ఇంకా ఉన్నాయి. నన్ను ఇక్కణ్ణుంచి పీకితే ఏమవుతానో నాకే తెలియదు.

ఆ వారంలోనే లోతమ్మ నా తరగతికి వచ్చింది. మూడో రోజు టైపు కాగితం నా బల్ల మీద ఉంది. ‘ఇంట్రడ్యూసెస్’.

అరికాలి మంట నెత్తికెక్కింది. కాగితం పట్టుకుని ఆఫీసులోకి దూసుకెళ్లాను.

“ఏంటమ్మా ఇది? కాళ్లరిగేలా అడవిలో తిరిగినోడికి మోకాలా?”

“కూర్చోండి మాస్టారూ. టీ తాగుతారా?”

“నీ టీ ఎవడిక్కావాలి! కాంప్రహెన్సివ్ అని కొట్టు. నీ సొమ్మేం పోయింది?”

“అది వెడల్పు మాస్టారూ, లోతు కాదు. చెరువంతా కలియదిరిగినా మోకాలి నీళ్లలోనే తిరిగి రావచ్చు.”

“అయితే ఇన్ డెప్త్ అను.”

“మీ పిల్లల్ని అడిగాను కదా, ఏడాదిలో రెండో పూత ఏ చెట్టుదీ అని. ముప్పై మందిలో ఇద్దరు చెప్పారు. చూసిందే రాశాను.”

“నన్ను తంగా పంపిస్తారని తెలుసా నీకు?”

ఆవిడ చేతులు మిషన్ మీద ఆగిపోయాయి. “తెలుసు. మూడు రోజుల్నించీ నాకూ అన్నం సయించట్లేదు. అయినా అబద్ధం ఎలా కొట్టను?”

“బీరువాకి అట్టముక్క అంటించుకుని మనుషుల్ని కొలుస్తావా? నువ్వెంత, నీ చదువెంత?” అనేశాను. అనగానే తప్పనిపించింది. కానీ నా నోరు వెనక్కి తీసుకునే రకం కాదు. తలుపు ధడేల్మని వేసి వచ్చేశాను.

మా ప్రిన్సిపాలు కొత్తవాడు, కుర్రాడు, నేనంటే బెదురు. ఆయన్ని అదరగొట్టి గేటు పక్కన కొత్త బోర్డు రాయించాను, ఊరంతా చూసేలా, అరచేయంత అక్షరాలతో. లోతమ్మ తాళం వేసిన మాటే వేయించాను, కసి కొద్దీ. ‘పూల చెట్లు: ఎగ్జాస్టివ్ కోర్సు’.

మర్నాడు పొద్దున్న నా గది ముందు ముగ్గురు కుర్రాళ్లు నిలబడ్డారు. బస్సుల షెడ్డు మెకానిక్కులు. చొక్కాలనిండా గ్రీజు.

“షికమో మాస్టారూ!” అని తలలు వంచి దణ్ణం పెట్టారు.

“మరహబా. ఏంట్రా విషయం?”

“ఎగ్జోసి కోర్సంట కదండీ. ఎన్నాళ్లు? వెల్డింగు కూడా నేర్పుతారా?”

“వెల్డింగేంట్రా?”

“చిల్లు పడితే అతకాలి కదండీ.”

అప్పుడు వెలిగింది. మా దగ్గర లారీ పొగగొట్టాన్ని ఎగ్జోసి అంటారు. బోర్డు చదివిన ప్రతివాడికీ కనపడింది ఆ పొగగొట్టమే. “పూల చెట్లని కూడా రాసుంది కదరా వెధవల్లారా!” అని అరిచాను. “ఆ, చూశామండీ. నీడ కోసమేమో అనుకున్నాం” అన్నాడు వాళ్లలో పెద్దాడు.

మధ్యాహ్నానికి సంత దాకా పాకింది. తేనె కల్లు అమ్మే ముసలావిడ దూరం నుంచే కేకేసింది. “ఏం పొగగొట్టం మాస్టారూ, ఇవాళ పొగ తగ్గినట్టుందే? ఆయిలు మార్చావా?” నాకు తల కొట్టేసినట్టయింది. కోపం తెచ్చుకోవాలని చూశాను, రాలేదు. కోపం కూడా మొహం చాటేసిన రోజు అదొక్కటే నా జన్మలో.

సాయంత్రం ఆఫీసుకెళ్లాను. ఆవిడ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. కుర్చీ జరిపింది.

“బోర్డు తీయించేస్తాలే” అన్నాను.

“పెద్దాఫీసాయన వచ్చే వారం వస్తున్నాడు. ఆ మాటకి అర్థం ఇంకేమీ మిగల్లేదని. ఈ పాఠం తర్వాత తెలియని చెట్టంటూ ఉండదని. ఆయన దారిలో ఏదో గడ్డి పీకి చూపిస్తే ఏం చెప్తారు?”

“సరే, నువ్వే గెలిచావు. కానీ నువ్వు కొలిచింది తరగతి గది. నా పాఠం అడవిలో ఉంది. ఒక్కసారైనా వచ్చావా?”

ఆవిడ ఎడమ చేయి చాపింది. మోచేతి దగ్గర చర్మం ముడతలు పడి, నున్నగా మెరుస్తోంది. “పదేళ్లప్పుడు ఒక్క ఈగ కుట్టింది. చోటంతా పుండైంది, మూడు రోజులు ఊపిరి సరిగ్గా అందలేదు. ఇంకోసారి కుడితే కష్టమని డాక్టరు చెప్పాడు. తేనెటీగల కాలేజీలో ఉద్యోగం చేస్తూ ఈ మాట ఎవరికి చెప్పుకోను?” అంది. ఇరవై ఏళ్లు ఒకే గేటులోంచి వచ్చి పోయాం. నాకు తెలియదు. సిగ్గుతో చచ్చిపోయాను.

“అయితే వద్దమ్మా. నేను తంగాకే పోతాను. ఏం చేస్తాం” అన్నాను.

“మీరెవరు వద్దనడానికి? చూడకుండా రాస్తే నా కొలతే తప్పవుతుంది. శనివారం పొద్దున్నే వస్తాను.”

వచ్చింది. ఒకదాని మీద ఒకటి మూడు కాంగా గుడ్డలు చుట్టుకుని, మా వల టోపీ పెట్టుకుని, చేతులకి మేజోళ్లు తొడుక్కుని, గోనె మూటలాగా ఊగుతూ. నవ్వొచ్చింది, వెంటనే భయమేసింది. వానలు వెళ్లిన నెల, ముబా చెట్లు పూతమీదున్నాయి. తల ఎత్తితే ఒకటే ఝుమ్మనే మోత. గాలికి ఎదురుగా ఉండేలా, గూళ్లకి దూరంగా నడిపించాను. నా జన్మలో అంత మెల్లగా ఎప్పుడూ నడవలేదు.

నడుస్తూ చెప్పడం మొదలుపెట్టాను. ఇది మ్తుందు, వాన రాకముందే పూస్తుంది, ఆ తేనె పలచన. ఇది ముబా, దీని తేనె ముదురు, తొందరగా గడ్డ కడుతుంది. ఇది మ్నింగా, దీని పూత రెండు వారాలే, ఆ రెండు వారాలూ ఈగలకి ఇంకేమీ పట్టదు. ఈ చెట్టుకి పువ్వుంది కానీ ఈగ దీని మొహం చూడదు, ఎందుకో మా నాన్నకీ తెలియదు. ఆవిడ వేళ్లు మడుస్తూ లెక్కపెడుతోంది. మధ్యలో ఒక ఈగ వచ్చి ఆవిడ వల మీద, సరిగ్గా ముక్కు ముందర వాలింది. “కదలకమ్మా, దణ్ణం పెడతాను, కదలకు” అన్నాను. నిజంగానే చేతులు జోడించాను. అది అటూ ఇటూ పాకి, ఏమీ దొరక్క ఎగిరిపోయింది. ఆవిడ గట్టిగా ఊపిరి వదిలి, “ముప్పై ఆరు. తర్వాతది చెప్పండి” అంది.

నలభై ఒకటితో పాఠంలోవి అయిపోయాయి, నేను మాత్రం చెబుతూనే ఉన్నాను. వెనక్కి తిరిగేటప్పుడు దారి పక్కన నీలం పువ్వుల పొద ఒకటి చూపించి “ఇదేంటి?” అంది. చాలాసేపు చూశాను. “తెలియదు” అన్నాను. ఆ మాట నా నోట్లోంచి రావడం నాకే వింతగా ఉంది. ఆవిడ తల ఊపి నడిచింది.

మంగళవారం పెద్దాఫీసాయన వచ్చాడు. ప్రిన్సిపాలు, నేను, న్యామిజీ ఆయన ముందు నిలబడ్డాం. ఆయన పుస్తకం తిరగేసి నా పాఠం దగ్గర ఆగాడు. నేను తల వంచి చూశాను. ‘ఇంట్రడ్యూసెస్’. అదే మాట! అడవంతా తిప్పాక కూడా అదే మాట. ఇంక తంగాయే అనుకున్నాను.

ఆయన పైకి చదివాడు. “ఈ కోర్సు నలభై ఒక్క పూల చెట్లను పరిచయం చేస్తుంది. మాస్టారుకి అంతకంటే చాలా ఎక్కువ తెలుసు.” కళ్లజోడు తీశాడు. “కోర్సు పుస్తకంలో మాస్టారుకి ఏం తెలుసో ఎవరు రాయమన్నారమ్మా?”

“ఎవరూ రాయమనలేదండీ” అంది న్యామిజీ. “మూడు రోజులు డిక్షనరీ తిరగేశాను. చిన్న మాట రాస్తే ఈయనకి అన్యాయం. పెద్ద మాట రాస్తే పిల్లలకి అబద్ధం. కోర్సు మోకాలి లోతే, అది నిజం. ఎందుకంటే మీరిచ్చింది ఇరవై నాలుగు గంటలు, అవీ గదిలో. లోతు ఈయన దగ్గరుందండీ, నేను వెళ్లి చూసొచ్చాను. లోటు గంటల్లో ఉంది.”

నేను గోడ వైపు తిరిగాను. ఇన్నేళ్లూ ఆవిడ నన్ను కొలుస్తోందనుకున్నాను. నన్ను కాదు, నాకిచ్చిన చోటుని కొలిచింది. తలుపు ధడేల్మని వేసే ముందు నేనన్న మాటలు గుర్తొచ్చి కళ్లు మండాయి.

ఆయన పెన్ను తీశాడు. “సరే. ఎన్ని గంటలైతే చాలు?” అన్నాడు, ఆవిణ్ణే.

“నన్నడుగుతారేంటండీ? మాస్టారిని అడగండి.”

ఇరవై మూడేళ్లలో నన్ను ఆ మాట ఎవరూ అడగలేదు. అరిచే నోరు, ఊళ్లో అందరూ జడిసే నోరు. ఆ నోరే మెల్లగా పలికింది.

“ఏడాది కావాలండీ. చెట్లన్నీ ఒకేసారి పూయవు కదా.”

“ఏడాది ఇవ్వలేను. రెండు టర్ములిస్తాను, సగం అడవిలో. మీరు ఇక్కడే ఉండండి” అని ఆయన రాసుకున్నాడు.

న్యామిజీ అప్పటికే మిషన్లో కొత్త కాగితం ఎక్కిస్తోంది. నేను వెళ్లి ఆవిడ పక్కన నిలబడ్డాను. “క్షమించమ్మా” అన్నాను. “గంటలు ఎన్నని కొట్టాలో సరిగ్గా చెప్పండి మాస్టారూ, తర్వాత ఏడుద్దురు గాని” అంది.