కిటికీ వైపు ఎత్తిన గాజుగొట్టం

మచిలీపట్నం కళాశాలలో నా దగ్గర రసాయనశాస్త్రం చదివిన ఒక అమ్మాయికి ఓ అలవాటు ఉండేది. రంగు ద్రావణం ఎంత కాంతిని పీల్చుకుంటుందో కొలిచే యంత్రంలో పెట్టే ముందు, గాజుగొట్టాన్ని కిటికీ వైపు ఎత్తి, ఒక కన్ను మూసి, రాబోయే అంకెను చెప్పేసేది.

"చిలక జోస్యం మొదలైందిరా!" అని తోటివాళ్ళు నవ్వేవారు.

నేను డైరీలో లెక్క పెట్టాను. ముప్పై ఒక్క సార్లలో ఇరవై ఏడు సార్లు ఆమె అంకె యంత్రంతో సరిపోయింది. ఆ ఇరవై ఏడూ ఎలా ఒప్పయ్యాయో, మిగిలిన నాలుగూ ఎందుకు తప్పాయో నాకు అంతుపట్టలేదు.

"ఎలా చెప్తున్నావమ్మా?" అని అడిగాను.

"ఏమోనండీ. మంగినపూడిలో మా అమ్మ చేప మొప్ప ఎత్తి చూసి, ఏ పూట పట్టిందో చెప్పేస్తుంది. ఎలాగే అంటే తనూ చెప్పలేదండీ."

కాంతితో పదార్థాలను పరీక్షించే స్పెక్ట్రోస్కోపీలో అంతర్జాతీయ మాస్టర్స్ కోర్సుకు ఆమె దరఖాస్తు చేసినప్పుడు సిఫార్సు లేఖ నేనే రాశాను. ఉపకారవేతనంతో ఆ సీటు రాకపోతే ఆమె చదువు అక్కడితో ఆగిపోతుంది. కంటితో అంచనా వేస్తుందంటే ఎంపిక చేసేవారు నవ్వుతారని భయపడి, యంత్రం చూపినదే తప్ప ఊహను నమ్మని విద్యార్థిని అని రాశాను.

సీటు వచ్చింది. చెప్పి వెళ్ళడానికి వచ్చిన రోజున లేఖ ప్రతిని ఆమె చేతికిచ్చాను. రెండుసార్లు చదివింది.

"మాస్టారూ, వాళ్ళు పిలిచింది నన్నేనంటారా?"

ఆమె లేఖ మడిచి తీసుకుని వెళ్ళింది. ఇప్పుడు యంత్రంలో పెట్టే ముందు ప్రతి గొట్టాన్నీ కిటికీ వైపు ఎత్తి, ఒక కన్ను మూసి చూస్తున్నాను. నాకు రంగు మాత్రమే కనిపిస్తోంది.