కట్టెల కింది ఇనుము

నిన్న పామర్‌స్టన్ నార్త్‌లో ఒక పాత సామాన్ల షాపులో జత ఇనుప స్టాండ్లు కనిపించాయి. ముందు ఇత్తడి గుండు, వెనక పొట్టి కాలు. బూట్ల మట్టి గీక్కోవడానికేమో అనుకున్నాను. షాపామె నవ్వి, ఫైర్‌ప్లేస్‌లో కట్టెలు వీటి మీద పేరుస్తారని, కింద గాలి ఆడితేనే మంట లేస్తుందని చెప్పింది.

అంతే, నానమ్మ నీళ్ళ పొయ్యి కళ్ళముందుకొచ్చింది. మసిబారిన కాగు, తడి బూడిద వాసన, కట్టెల కింద అరిగిపోయిన రెండు నాగలి కర్రులు. మీ ఇళ్ళల్లోనూ ఉండేవా? పాత ఇనుముకి పుల్ల ఐసు ఇచ్చే సైకిలు గుర్తుందా? ఆ కర్రుల్లో ఒకదాన్ని నేను ఆ సైకిలతనికే ఇచ్చేశాను.

మర్నాడు పొయ్యి నిండా పొగే. నానమ్మ గొట్టంతో ఊది ఊది, ఎర్రబడ్డ కళ్ళతో నా వైపు తిరిగింది.

"ఐసు ఏ రంగుదే?"

"ఎర్రది నానమ్మా."

మళ్ళీ పొయ్యి వైపు తిరిగి గొట్టం అందుకుంది.

ఇప్పుడు మా ఫ్లాట్‌లో ఉన్నది గోడకుండి గదిని వెచ్చబెట్టే హీట్ పంపు, పొయ్యే లేదు. ఆ మాటే షాపామెతో అంటే, "అలమరలో పెట్టుకోవడానికైతే ఒకటి చాలుగా?" అంది.

"వద్దండీ, ఒకటి తీసేస్తే పొగొస్తుంది," అన్నాను.