ఆదివారం పోస్టాఫీసు

ఆదివారం పోస్టాఫీసు తెరవరని పసిపిల్లకైనా తెలుసు. అలాంటిది మా ఆయన ప్రతి ఆదివారం పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఢిల్లీలో మా ద్వారక దగ్గర మెట్రో ఎక్కి, దిగాక బస్సు పట్టుకుని, ఘజియాబాద్ అవతల మూతపడ్డ బట్టల మిల్లు ఊరికి పోస్టాఫీసు చూడ్డానికి వెళ్తున్నానంటే నమ్మేస్తానా? నేనేమన్నా చెవిలో పువ్వు పెట్టుకున్నానా?

ఆయన తపాలా శాఖలో ఆఫీసరు. పాత మిల్లు ఊళ్ళలో మొదటి పోస్టాఫీసులు ఎలా పుట్టాయో చరిత్ర రాస్తున్నానన్నారు. కిరాణా చీటీ కూడా నా చేతే రాయించే మనిషి చరిత్ర రాస్తాడట! ఎవత్తో ఉందనుకున్నాను. కుక్కరు కూతల చాటున ఏడ్చాను కూడా.

ఓ ఆదివారం నేనూ వస్తానన్నాను. "అక్కడేముంది, దుమ్ము తప్ప" అన్నారు. అంతే, ఇంక పట్టు వదల్లేదు.

చెప్పొద్దూ, నిజంగా దుమ్మే. మిల్లు గేటు, దాన్ని ఆనుకుని ఒంటిగది పోస్టాఫీసు, దానికి తాళం. ఎదురుగా చాయ్ బల్ల మీద ముసలి కార్మికులు కొందరు. ఆయన వాళ్ళ మధ్య కూర్చుని ఏవేవో అడుగుతున్నారు. ఆడగాలి అన్నదే లేదు. హమ్మయ్య అనుకున్నాను. ఇన్నాళ్ళూ ఆయన్ని ఆడిపోసుకున్నందుకు సిగ్గేసింది.

ఈలోగా మిల్లు క్వార్టర్స్‌లోంచి ఒక పెద్దావిడ నన్ను పిలిచి, మంచం వాల్చి చాయ్ ఇచ్చింది. ఆవిడ భర్త ఆ మిల్లులోనే నేత పని చేసేవాడట, ఇప్పుడు లేడు. ఇన్నేళ్ళ ఢిల్లీ కాపురంలో అబ్బిన హిందీతో కబుర్లలో పడ్డాను. మిల్లు పెట్టిన కొత్తల్లో యజమానే గది ఇచ్చి పోస్టాఫీసు తెప్పించాడంది. అప్పట్లో వీధుల పేర్లు లేవు, ఇంటి నంబర్లు లేవు. ఎవరు ఏ పని చేస్తే అదే అడ్రసు: వడుకు, నేత, అద్దకం. షిఫ్టు దిగేవేళ గేటు దగ్గర పేరు పిలిచి ఉత్తరాలిచ్చేవాళ్ళట. మిల్లు పోయినా అడ్రసు పోలేదు. ఆవిడకి ఇప్పటికీ భర్త పేరు, దాని కింద 'నేత విభాగం' అనే వస్తాయి. ఈ పోస్టాఫీసుకి తప్ప ఇంకెవరికీ ఆ అడ్రసు అంతుపట్టదు.

"క్వార్టర్స్ మీద కోర్టులో కేసుంది బేటీ. నోటీసు అందకపోతే వాయిదా తప్పుతుంది, ఇల్లు పోతుంది" అంది. గొంతు తగ్గించి, "మీ ఆయన ఈ పోస్టాఫీసు మూయించడానికే వచ్చాడని మావాళ్ళ అనుమానం. అందుకే తలో కథా అల్లి చెప్తున్నారు. నిజం చెప్పు" అంది.

నాకు నవ్వాగలేదు. నా అనుమానం నాదైతే వీళ్ళది ఇదా! "అయ్యో రామ, అదేం లేదు. పుస్తకం రాస్తున్నారు. మా ఆయన అబద్ధమాడే మనిషి కాదు" అన్నాను. పిల్లల మీద ఒట్టు కూడా వేశాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు. తర్వాత లేచి వెళ్ళి ముసలాళ్ళతో ఏదో చెప్పింది. అక్కణ్ణుంచీ వాళ్ళు మనసు విప్పారు. ఇప్పుడు స్టాంపులు కొనే నాథుడు లేడనీ, వానొస్తే గది కారుతుందనీ, కొన్ని రోజులు ఒక్క ఉత్తరమూ రాదనీ దాచకుండా చెప్పారు. ఆయన వంచిన తల ఎత్తకుండా రాసుకున్నారు.

తిరుగు బస్సులో, "ఏమండీ, విన్నారా? మీరు పోస్టాఫీసు మూయిస్తారట!" అని నవ్వాను. ఆయన నవ్వలేదు. కిటికీ వైపు తిరిగారు.

"మామూలు రోజున వెళ్తే స్టాఫు పసిగడతారు" అన్నారు మెల్లగా. "పై నుంచి ఆర్డరు. అది నడపడం దండగని రిపోర్టు ఇవ్వాలి."

నా ఒళ్ళు మండిపోయింది. "పిల్లల మీద ఒట్టేశానండీ!" అని అరిచాను. బస్సులో అందరూ చూశారు. చూడనీ! "భయ్యా, రోకో!" అని డ్రైవర్ని ఆపమంటూ లేచాను. వెనక్కి వెళ్ళి ఆవిడకి చెప్పేయాలి.

ఆయన నా మణికట్టు పట్టుకున్నారు. "కూర్చో. ఇప్పుడు వెళ్ళి ఏం చెప్తావు? నీ మాట నమ్మే కదా రిపోర్టుకి కావాల్సినవన్నీ చెప్పారు" అన్నారు.