ఆమె పేరు నాకు తెలుసు

పన్నెండేండ్లుగా ఒక పేరు నా గొంతులో అడ్డం పడి ఉండాది. మింగలేను, కక్కలేను. నువ్వెవరో నాకు తెలీదు, నా పేరు నీకు చెప్పను. అయినా విను. విని నన్ను తిట్టు, ఫరవాలేదు, నన్ను నేను తిట్టుకోని రోజు లేదు.

తిరుపతిలో చరిత్ర పాఠాలు చెప్పేవాణ్ణి నేను. తెల్లదొరలు మన మనుషుల్ని కొలిచి, ఫోటోలు తీసి, దాన్నే శాస్త్రమని ఎట్లా చెప్పుకున్నారో, అదీ నా పరిశోధన. మద్రాసులో పాత కాగితాల మధ్య ఒక ఫోటో దొరికింది. గళ్ల బట్ట ముందర నిలబెట్టిన ఒక యానాది ఆడమనిషి. పక్కన కొలబద్ద. కింద ఇంగ్లీషులో తల చుట్టుకొలత, ముక్కు పొడవు, ఎత్తు, అన్నీ రాసినారు. పేరు మాత్రం లేదు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆమె పేరు తుడిచేసినారని, ఇంక ఆ పేరు ఎవరికీ దొరకదని, ఒక అధ్యాయమంతా రాసినాను.

ఫోటో వెనక ఊరి పేరుండె. సత్యవేడు దగ్గర పల్లె. అధ్యాయం ముగించినాక, ఊరికే చూసొద్దామని ఫోటో నకలొకటి తీసుకుని బస్సెక్కినాను. పల్లె చివర గుడిసెల్లో ఒక ముసలామె ఫోటోని వెలుతురుకు పట్టి చూసింది. ఫోటోలో మోచేతి మీది పచ్చబొట్టు మీద వేలు పెట్టింది. తర్వాత తన చెయ్యి చాపింది. అదే తేలు, దాని కింద అవే మూడు చుక్కలు.

"మా అవ్వ సామీ ఈమె," అనింది. "మా ఇంటి ఆడోళ్లకు ఈ తేలే పొడిపిస్తారు." పేరు చెప్పింది. "రాసుకో."

రాసుకున్నాను.

"పెద్దలకు పెట్టుకునే అమావాస్యకు అందరిండ్లల్లో పటాలుంటాయి. మాకు యాడుండాయి? ఉత్త గోడకే దండం పెట్టుకుంటాము. ఈ బొమ్మ నాకొకటి ఇస్తావా సామీ?"

"అమావాస్య లోపల తెచ్చిస్తాను," అన్నాను.

తిరుగు బస్సులోనే నా బుద్ధి వంకరపోయింది. పేరు దొరికితే నా అధ్యాయం ఏమి కావాల? పచ్చబొట్టు ఒక రుజువా అని నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. నమ్మినాను కాబట్టే భయపడినాను. పటం కట్టించినాను కూడా. కానీ అది ఆ గుడిసెలో తగిలిస్తే ఎవరో ఒకరు చూస్తారు, ఎవరని అడుగుతారు. అందుకే పేపరు చుట్టి బీరువా పైన పెట్టేసినాను. అమావాస్య వచ్చింది, పోయింది.

పుస్తకం వచ్చింది. ఉద్యోగంలో పైకి పోయినాను. సభల్లో తెర మీద ఆమె ఫోటో వేసి, "ఈమె పేరు మనకు తెలీదు, తెలీకుండా చేసినారు," అని ఒక్క క్షణం ఆగేవాణ్ణి. గొంతు వణికించేవాణ్ణి. ఎంతసేపు ఆగాలో అద్దం ముందర నిలబడి నేర్చుకున్నాను, సిగ్గులేని జన్మ! జనం చప్పట్లు కొట్టేవాళ్లు. ఫోటో తీసిన దొర ఆమె పేరు అడగలేదు, అంతే. నేను, అడక్కుండానే చెప్పిన పేరును రాసుకుని, దాచిపెట్టినాను. ఎవడు పెద్ద దొంగ? ఇద్దరిలో ఎవణ్ణి నిలబెట్టి కొలవాల?

మొన్న పటం చంకలో పెట్టుకుని పోయినాను. గుడిసెలు లేవు. ఆ చోట ఫ్యాక్టరీ కాంపౌండు గోడ లేచింది. ఆడుండే వాళ్లు యాడికి పోయినారని గేటు దగ్గర అడిగితే, ఎవరు కావాలని ఎదురడిగినారు. ఏ పేరని చెప్పేది? ఆ ముసలామె వాళ్ల అవ్వ పేరు చెప్పింది, నేను రాసుకున్నాను. ఆమె పేరేమో నేను అడగనే లేదు. ఫోటోలో ఉండే మనిషే నాకు కావల్సింది, ఎదురుగా కూర్చున్న మనిషి కాదు. థూ.

పటం మళ్లీ ఇంటికే తెచ్చుకున్నాను. క్షమించమని అడగను. అడిగేదానికి ఎవరున్నారు, ఏమని పిలిచి అడగను?

ఫోటోలో ఉండే ఆమె పేరు పోలమ్మ. ఇదో, రాసేసినాను. గొంతు కొంచెం వదులైంది. ఇంకో పేరు నాకు తెలీదు.