గడియ పడ్డాకే

ఆ వీధుల్లో ఆవిడను అందరూ పార్సిలక్క అంటారు. పదకొండేళ్లుగా పాత స్కూటరు మీద ఇంటింటికీ పార్సిళ్లు చేరవేస్తోంది. మాట కాస్త పెళుసు, పని మాత్రం నిక్కచ్చి. వేళ తప్పదు, డబ్బా నలగనివ్వదు. కుక్క ఉన్న ఇంటి దగ్గర మాత్రం మొండిఘటం. గేటు బయటే నిలబడి గొళ్లెం టకటకలాడిస్తుంది. కుక్కను గదిలో పెట్టి గడియ వేసిన చప్పుడు చెవిన పడాలి. అప్పటిదాకా బ్రహ్మదేవుడు దిగివచ్చి చెప్పినా అడుగు లోపల పెట్టదు.

ఊరికే పుట్టిన మొండితనం కాదది. పనిలో చేరిన రెండో ఏట ఒక ఇల్లాలు "మా వాడు ఏమీ చెయ్యడమ్మా, రా" అంటూ తలుపు బార్లా తీసింది. ఆ ఏమీ చెయ్యనివాడు యజమానురాలి కాళ్ల సందులోంచి దూసుకొచ్చి పార్సిలక్క పిక్క పట్టుకున్నాడు. సూదులు పొడిపించుకుని మూడు వారాలు మంచం పడితే, ఆ ఇల్లాలు చూడటానికి రాకపోగా "నువ్వే దాన్ని బెదరగొట్టి ఉంటావు" అని ఫోను చేసింది. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మండదూ మరి! కరిచింది కుక్క, తప్పు కరిపించుకున్న మనిషిదా?

కొత్తగా చేరినవాళ్లకు ఆవిడే పాఠం చెబుతుంది. "పరిగెత్తొద్దు. దాని కళ్లల్లోకి చూడొద్దు. డబ్బా కాళ్లకి అడ్డం పెట్టుకుని మెల్లగా వెనక్కి నడవండి. అన్నిటికన్నా ముందు, ఇంటివాళ్ల మాట నమ్మొద్దు."

మూలింటి లాయరుగారింట్లోనూ కుక్క ఉంది. పార్సిలక్క గేటు బయటే ఆగిపోవడం ఆయనకు నచ్చలేదు. కేసులు మానేసి ఇంటిపట్టున ఉంటున్న పెద్దమనిషి. గేటు దాకా రావడం ఆయనకు నామోషీ. పార్సిలు వరండాలో బల్లమీదే పెట్టాలట. పార్సిలక్క పెట్టలేదు. రెండుసార్లు డబ్బా వెనక్కి వెళ్లింది, రెండు ఫిర్యాదులు వచ్చాయి. మూడోది పడితే ఉద్యోగం ఊడుతుందని ఆఫీసులో తేల్చి చెప్పారు. ఇంటికి ఆ జీతం తప్ప మరో ఆధారం లేదు. మూడోసారి సూపర్‌వైజరు కూడా వెంట వచ్చాడు.

వరండాలో లాయరుగారు. పక్కన దూడంత కుక్క, మెడకు గొలుసైనా లేదు.

"రావమ్మా, అది ఏమీ చెయ్యదు."

"వెళ్లక్కా, ఆయన చెప్తున్నారుగా," గొణిగాడు సూపర్‌వైజరు.

"అయితే మీరు వెళ్లండి సార్."

సూపర్‌వైజరుకు అప్పుడే ఫోనులో ఏదో పని పడింది.

పార్సిలక్క గేటు బయటే నిలబడింది. సంతకాల పుస్తకం తెరిచి గేటు పైనుంచి చాపింది.

"లాయరుగారూ, 'నా కుక్క ఎవరినీ కరవదు, కరిస్తే పూచీ నాది' అని ఇక్కడ రాసి సంతకం పెట్టండి. ఇప్పుడే లోపలికొస్తా."

ఆయన విసురుగా గేటు దాకా వచ్చి పెన్ను లాక్కున్నారు. 'నా కుక్క' అని రాశారు. పెన్ను అక్కడే ఆగిపోయింది. ముప్పై ఏళ్లు ఊళ్లోవాళ్ల చేత సంతకాలు పెట్టించిన మనిషి, సంతకమంటే ఏమిటో ఆయనకు తెలియదూ? వరండాలో కుక్క గుర్రుమంది. ఆయన దానివంక ఒకసారి చూసి ఇంట్లోకి కేకేశారు.

"ఏమోయ్, దీన్ని వెనక గదిలో వేసి తలుపెయ్యి!"

గడియ పడింది. పార్సిలక్క గేటు తీసుకుని తిన్నగా వెళ్లి డబ్బాను బల్లమీద పెట్టింది.

"సరేలేమ్మా. ఆ ఫిర్యాదులు వెనక్కి తీసుకుంటాలే," అన్నారు లాయరుగారు, తలెత్తకుండా.

పార్సిలక్క పుస్తకం మళ్లీ ఆయన ముందు పెట్టింది.

"ఆ మాట కూడా రాసి సంతకం పెట్టండి సార్."