రొట్టె విరిచే వేళకి మాయం

ఆ బేకరీలో అందరికన్నా పాత పనివాణ్ణి ఎదురుగా బాబాయ్ అనేవారు, వెనక మాయం బాబాయ్ అనేవారు. రెండో పేరు చలికాలం వెళ్ళాక పుట్టింది. అంతకుముందు ఎన్నో ఏళ్ళు ఆయన పని మధ్యలో గది వదిలి కదిలిన పాపాన పోలేదు.

గది పొడుగ్గా ఉంటుంది. ఒక పక్క పిండి బల్ల, చివర ఇటుకల బట్టీ, గోడవారగా ట్రేలు పెట్టే ఇనప చట్రం. ముందు తలుపు తీస్తే దుకాణం, వెనక తలుపు తీస్తే కట్టెలు పేర్చిన సందు. పిండి కలిపేవాళ్ళు ఎవరి రొట్టెల మీద వాళ్ళు వేళ్ళతో నొక్కి గుర్తు పెడతారు. ఒకరిది ఒక వేలు, ఒకరిది రెండు వేళ్ళు. పొద్దున మొదటి ట్రే బయటికి రాగానే పెద్ద చెయ్యి, అంటే అందరిలోకీ పాత మనిషి, ఒక్కో గుర్తుదీ ఒక్కో రొట్టె విరిచి, ముక్కు దగ్గర పెట్టుకుని, బాగుందనో పులిసిందనో చెప్పాలి. పులిసిందంటే ఆ గుర్తు రొట్టెలు పక్కన పెట్టేస్తారు, చేసినవాళ్ళకి ఆ పూట కూలి రాదు. ఆయన ఉండగా ఇంకొకరు విరవడానికి లేదు. యజమానురాలి తండ్రి బతికున్నప్పుడు పెట్టిన పద్ధతి అది. బాబాయ్‌వి ఇప్పుడు బస్తాడు పిండి పిసికే చేతులు కావు. ఆ ఒక్క మాట చెప్పడానికే ఆయనకి బట్టీ పక్కన పీట. ఆ పీటని బట్టే జీతం, వెనక గదిలో పడుకోవడానికి ఇంత చోటు.

పొద్దున పనిలో చెయ్యి పెట్టేముందు ఆయన ఒక్క క్షణం కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకునేవాడు. పనిలోకి కొత్తగా వచ్చిన అమ్మాయికి మణికట్టు నొప్పి. ఆ సంగతి ఎవరూ చెప్పకుండానే కనిపెట్టి, ఆమె బరువు ట్రేలు తనే ఎత్తి చట్రంలో పెట్టేసి, ఏమీ ఎరగనట్టు చేతులు దులుపుకునేవాడు. అలాంటి మనిషి మీద అనుమానమా అంటే, అనుమానానికి మంచీ చెడ్డా తెలియవు. దానికి ఒక తలుపు చాలు.

బట్టీలోంచి మొదటి ట్రే లాగే చప్పుడు వినగానే బాబాయ్ వెనక తలుపు దాటేవాడు. విరవని రొట్టెలు దుకాణంలోకి చేరిపోయాక తిరిగొచ్చేవాడు.

“అదుగో, ట్రే బయటికి, బాబాయ్ బయటికి!” అనేవాడు బట్టీ చూసుకునే మామ. ఆయన నోరు బట్టీ కన్నా వేడి.

మొదట్లో అందరూ నవ్వుతూ, బాబాయ్ జారుకున్నాడు అనేవారు. జారుకోవడంలో ఎవరికీ పెద్ద నష్టం లేదు. పిల్లి పాలగిన్నె దగ్గర్నించి జారుకుంటుంది, చుట్టం గిన్నెలు కడిగే వేళకి జారుకుంటాడు. కొన్నాళ్ళకి, మొహం చాటేస్తున్నాడు అన్నారు. ఇక్కడ చిన్న ముల్లుంది. ఎవరికో ఏదో జవాబు చెప్పాల్సినవాడే మొహం చాటేస్తాడు. ఆ తర్వాత బట్టీ మామ, ఉడాయిస్తున్నాడు అనడం మొదలుపెట్టాడు. ఉత్త చేతులతో పోయేవాణ్ణి ఉడాయించాడని ఎవరంటారు? ఆ మాట గాలిలోకి వచ్చిందో లేదో, అందరి చూపూ బాబాయ్ చేతుల మీదికి, జేబుల మీదికి పోయింది. అదే తలుపు, అదే నడక, అదే మనిషి. మాట మారేసరికి దొంగ తయారయ్యాడు.

నిజంగానే ఆయన చొక్కా లోపలి జేబు ఉబ్బెత్తుగా ఉండేది.

“సీసా అమ్మా, చిన్న సీసా. నా కళ్ళతో చూశా,” అన్నాడు బట్టీ మామ యజమానురాలితో, గొంతు తగ్గించి.

“అయితే?”

“అయితే ఏంటమ్మా! మన కుండలో పులిపిండి గోరంత పట్టుకెళ్తే చాలదూ? ఎక్కడైనా మన రొట్టే పొంగుతుంది. మలుపులో కొత్త దుకాణం వాళ్ళది ఈమధ్య అచ్చం మన రొట్టెలాగే ఉంటోందా లేదా?”

ఆ కుండలో పులిపిండి యజమానురాలి తాతల నాటిది. రోజూ కాస్త తీసి వాడుతూ, మళ్ళీ కాస్త పిండి కలుపుతూ బతికించుకొస్తున్నారు. ఆ ఇంటి అన్నం అంతా అందులోనే ఉంది. ఆవిడ మొహం మాడిపోయింది.

మర్నాడు బట్టీ మామ, బాబాయ్ వెనకాలే వెళ్ళి చూసొచ్చాడు.

“నేరుగా మలుపుకే వెళ్ళాడు. వాళ్ళ కిటికీ ముందు నిలబడి, కళ్ళు మూసుకుని, ఇంతింత ఊపిరి పీల్చాడు. లోపలికి వెళ్ళలేదు. మళ్ళీ పీల్చాడు. తల అడ్డంగా ఊపుకుంటూ వచ్చేశాడు.”

“బేరం కుదరలేదేమో,” అంది యజమానురాలు.

చిన్నప్పుడు బాబాయ్ భుజమెక్కి ఊరేగిన మనిషి ఆవిడ. ఎప్పుడూ నువ్వు అనేది కాస్తా ఆ రోజు నుంచి మీరు అనడం మొదలుపెట్టింది. బాబాయ్ ఆ మీరు విన్నాడు. ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోవడం కూడా అనుమానానికే పనికొచ్చింది.

ఇంతలో పులిసిన రొట్టె ఒకటి దుకాణానికి తిరిగొచ్చింది. తెచ్చినాయన దాన్ని నలుగురి ముందూ బల్ల మీద పెట్టి వెళ్ళాడు. మరుసటి పొద్దున, మొదటి ట్రే లాగకముందే యజమానురాలు వెనక తలుపుకి తాళం వేసి, చెవి గుప్పిట్లో పెట్టుకుంది.

ట్రే చప్పుడైంది. బాబాయ్ వెళ్ళి తలుపు తోశాడు. మళ్ళీ తోశాడు. వెనక్కి తిరిగాడు.

“ఎక్కడికి తప్పించుకుపోతున్నారు?”

“తప్పించుకోవడం ఏంటమ్మా... కాస్త గాలికి...”

“గాలి ఎక్కడికీ పోదు. ఇవాళ మీరు రొట్టె విరవాల్సిందే. లేదంటే ఆ పీట ఇంకొకరికిస్తా.”

ఆయన పీట మీద కూర్చుని ఒక రొట్టె తీసుకుని విరిచాడు. పొగ లేచింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఆయన ఊపిరి పీల్చి, కళ్ళు తెరిచి, అందరి మొహాలూ ఒక్కొక్కటే చూశాడు, అక్కడేమైనా రాసి ఉందేమో అన్నట్టు.

“చెప్పరేం? పోనీ, ఆ జేబులో ఏముందో చెప్పండి,” అని ఆవిడే చెయ్యి చాపింది. ఆయన సీసా తీసిచ్చాడు. ఆవిడ మూత లాగింది.

గదంతా కంపు. కుళ్ళిన ఉల్లిపాయ, తడిసిన కుక్క, రెండూ కలిపి కాచినట్టు. కొత్తమ్మాయి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. యజమానురాలు సీసాని చేతికి అందినంత దూరంగా పట్టుకుంది. బట్టీ మామ రెండడుగులు వెనక్కి వేసి, “దీంతో రొట్టె పొంగదమ్మా, జనం పారిపోతారు,” అన్నాడు.

అందరికన్నా దగ్గరగా కూర్చున్న బాబాయ్ మాత్రం ముక్కు కూడా చిట్లించలేదు.

“అంత గట్టిగా వస్తోందా వాసన?” అని అడిగాడు, ఆశగా.

యజమానురాలు సీసా వంకా ఆయన ముక్కు వంకా మార్చి మార్చి చూసింది.

“చలికాలంలో జ్వరమొచ్చింది చూడు, దాంతోపాటే ముక్కుకి వాసన పోయిందమ్మా. వైద్యుడు ఏవో వేర్ల నూనె ఇచ్చాడు, పీలుస్తూ ఉంటే ఎప్పటికైనా తిరిగొస్తుందన్నాడు. ఇక్కడ పీలిస్తే అలవాటుకొద్దీ వచ్చినట్టే అనిపిస్తుంది. పరాయి రొట్టె దగ్గరైతే నిజం తెలుస్తుందని అక్కడికి పోతున్నా.”

“మాకు చెప్పచ్చుగా!”

“చెప్తే పీట పోతుంది. పోనీ తోచింది చెప్దామంటే, నా అబద్ధం ఏ బిడ్డ కూడు తీస్తుందో. దేవుడి ముందు ఆ పని నావల్ల కాలేదు. అందుకని తప్పుకున్నా.”

అన్నాళ్ళూ ఆ గదిలో ఎన్ని మాటలు తిరిగినా తప్పుకోవడమన్న మాట ఎవరి నోటా రాలేదు. తప్పించుకునేవాడు తన కోసం పోతాడు. తప్పుకునేవాడు ఎదుటివాళ్ళ కోసం పక్కకి జరుగుతాడు. నిజం చెప్పాలంటే బాబాయ్ రెండూ చేశాడు.

“సగం పీట కోసమే కదూ దాచావు?” అంది యజమానురాలు.

“సగం పైనే,” అన్నాడాయన.

దుకాణంలోంచి ఎవరో ముందు తలుపు కొడుతున్నారు. ట్రే చల్లారిపోతోంది. ఆవిడ సీసాకి గట్టిగా మూత బిగించి ఆయన చేతిలో పెట్టింది.

“అమ్మాయ్, నువ్విలా వచ్చి కూర్చో. ఆయన విరుస్తాడు, నువ్వు వాసన చూసి చెప్పు.”

“పద్ధతి ప్రకారం పెద్ద చెయ్యే కదమ్మా...” అన్నాడు బట్టీ మామ.

“చెయ్యి పెద్దదే. ముక్కు మాత్రం అరువు.”

బాబాయ్ ఇంకో రొట్టె విరిచి సగం కొత్తమ్మాయికి ఇచ్చాడు. ఆమె వాసన చూసి, నేల వైపు చూసింది.

“ఏమ్మా?”

“పులిసింది బాబాయ్.”

“ఎవరిది?”

“మూడు వేళ్ళు,” అంది. తన వేళ్ళు చూసుకుని, “నాదే,” అంది.

ఆయన తన సగాన్ని బొటనవేలితో నొక్కి చూశాడు. “రేపు నీళ్ళు కాస్త చల్లగా పోసుకో. ఈ ఎండకి పిండి తొందరపడుతోంది,” అన్నాడు. మూడు వేళ్ళ రొట్టెలన్నీ ట్రేలోంచి పక్కకి తీశారు.

యజమానురాలు ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. “రేపు మీరిద్దరూ కూడబలుక్కుని నా కళ్ళు కప్పరని ఏంటి నమ్మకం?”

“నమ్మకం ఎందుకమ్మా, పక్కనే నిలబడి చూడు,” అన్నాడు బాబాయ్, ఇంకో రొట్టె అందుకుంటూ.

ఆవిడ నిలబడింది.